మోకాలి వాపుకు రికార్డులో చోటు: కుందుర్పి ప్రాంతంలో జబ్బుల నమోదు చరిత్ర

మోకాలి చిప్ప ముందు, మోచేతి మొన వెనుక, భుజం దగ్గర, మడమ దగ్గర ఎముకకూ దాని పైనున్న చర్మం, స్నాయువులకూ నడుమ చిన్న చిన్న తిత్తులు ఉంటాయి. వాటిలో ఉండే కొద్దిపాటి జిగురు ద్రవం వల్ల కీలు ఒరిపిడి లేకుండా కదులుతుంది. వైద్యులు ఈ తిత్తిని బర్సా అంటారు, అది వాస్తే బర్సైటిస్ అంటారు. కేవలం ఒత్తిడి వల్ల వాచినదైతే విశ్రాంతి ఇస్తే చాలావరకు తగ్గిపోతుంది. చర్మం గీరుకున్న చోటు నుంచో, ముల్లు దిగిన చోటు నుంచో సూక్ష్మజీవి లోపలికి చేరితే మాత్రం తిత్తి ఎర్రబడి, వేడెక్కి, చీము పడుతుంది. ఎక్కువ మందిలో దీనికి కారణం చర్మం మీదే బతికే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ పదో సవరణలో ఈ జబ్బు కోడ్ ఎం71.1. తిత్తిలో చీముగడ్డ కట్టితే ఎం71.0. క్రిమి ఏదో తెలిస్తే దానికి మరో కోడ్ జోడిస్తారు. స్టెఫిలోకాకస్ ఆరియస్‌కు బి95.6.

ఈ జబ్బు కోడ్‌కు కుందుర్పి లాంటి ఊళ్లతో సంబంధం ఏమిటన్నది శ్రద్ధగా చూడవలసిన విషయం. అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం డివిజన్‌లో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం కుందుర్పి. కొండ మీద పాలెగాళ్ల నాటి కోట, కింద ఎర్ర నేలలు, వానను నమ్ముకున్న వేరుశనగ. జిల్లాలో ఏటా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ సమయానికి పడితే. ఇక్కడి బతుకంతా కాళ్ల మీద, మోకాళ్ల మీద నడిచేదే. గొంతుక్కూర్చుని కలుపు తీయడం, చెట్టు పీకి కాయలు కోయడం, రాళ్ల గుట్టల్లో తుమ్మ ముళ్ల మధ్య గొర్రెలు కాయడం, పని దొరక్క బెంగళూరు వలసపోతే కట్టడాల దగ్గర నేల మీద మోకాళ్లూని బండలు పరవడం. మోకాలు వాచి నాలుగు వారాలు మంచాన పడితే ఆ నాలుగు వారాల కూలీ పోయినట్టే. అలాంటి మోకాళ్లు తరతరాలుగా ఉన్నాయి. అయినా వాటి ఊసు ప్రభుత్వ కాగితాల్లో దాదాపు కనిపించదు. జబ్బు చిన్నదా పెద్దదా అన్న దాని కంటే, దానికి లెక్క చెప్పుకోవలసినవాళ్లు ఉన్నారా లేరా అన్నదే రికార్డులో దాని చోటును నిర్ణయించిందని ఈ చరిత్ర చూపిస్తుంది.

జబ్బుల్ని వరుసలో పెట్టే అలవాటు ఈ దేశానికి కొత్త కాదు. మాధవకరుడి మాధవ నిదానం పూర్తిగా రోగ నిర్ణయానికే కేటాయించిన గ్రంథం. వాతవ్యాధుల్లో క్రోష్టుకశీర్షం అనే జబ్బును పాత ఆయుర్వేద గ్రంథాలు వర్ణించాయి. వాత రక్త దోషాల వల్ల మోకాలు నక్క తలలా లావుగా వాచి తీవ్రంగా నొప్పెట్టడం దాని లక్షణం. ఆ వర్ణనలో నేటి వైద్యం వేరు వేరుగా చూసే చాలా జబ్బులు కలిసి ఉండవచ్చు: కీలు లోపలి చీము, తిత్తి చీము, కీళ్లవాతం. తెలుగు నేలలో వైద్యులు ఎక్కువగా వాడుకున్న బసవరాజీయం సంస్కృత శ్లోకాలకు తెలుగు తాత్పర్యం చేర్చి ఈ పరిజ్ఞానాన్ని ఊరి వైద్యుల దాకా తెచ్చింది. శాస్త్రం చదవని ఇళ్లలో వాపుకు ఆకుల పట్టు, చీముగడ్డకు కోత, తగ్గని నొప్పికి కాల్చిన ఇనుముతో వాత. వాత పెట్టడం మనుషులకూ పశువులకూ సాగింది. కాలిన పుండు గుండా కొత్త క్రిములు చేరి ఉన్న జబ్బు ముదిరిన సందర్భాలు తక్కువేమీ కావు. ఈ వైద్యమంతా రోగిని చూసి చేసిందే. ఊరు మొత్తంలో ఎందరికి మోకాలు వాచిందని లెక్కపెట్టే పని ఏ వైద్యుడిదీ కాదు.

లెక్కపెట్టే పని కుంఫిణీ ప్రభుత్వంతో మొదలైంది, అదీ భూమితో. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ఉండి చేను చేనునూ కొలిపించాడు. శిస్తు రావాలి కాబట్టి ప్రతి చేనూ కాగితం మీదికి ఎక్కింది. దున్నేవాడి ఒంటి బాధ ఎక్కవలసిన అవసరం ఆనాటి పాలనకు కనిపించలేదు. తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో 1827లో దత్తమండలాల పర్యటనకు వచ్చి పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. ప్రభుత్వాన్ని జబ్బుల వైపు తిప్పింది కూడా ఇలాంటి మహమ్మారులే. దండులో సిపాయిలు, ఊళ్లో శిస్తు కట్టే రైతులు ఒక్కసారిగా రాలిపోతుంటే చూస్తూ ఊరుకోవడం సాధ్యం కాలేదు.

1864లో మద్రాసు ప్రెసిడెన్సీకి పారిశుధ్య కమిషన్ ఏర్పడింది. ఆ దశకంలోనే ఊళ్లలో జనన మరణాల నమోదు మొదలైంది. ఊరి మునసబుగా ఉన్న రెడ్డి ఎవరి చావు కబురు విన్నా రిజిస్టరులో రాయాలి. అందులో కారణానికి కేటాయించిన శీర్షికలు కొద్దే: కలరా, మశూచి, జ్వరాలు, కడుపు జబ్బులు, గాయాలు, ఇతర కారణాలు. పాము కాటు, ఆత్మహత్య గాయాల పద్దులోకి వెళ్లేవి. తర్వాత ప్లేగు, ఊపిరితిత్తుల జబ్బులు చేరాయి. వాంతిభేదిని, అమ్మవారిని ఊళ్లో ఎవరైనా గుర్తుపట్టగలరు. మిగతావన్నీ జ్వరాల్లోనో ఇతర కారణాల్లోనో పడిపోయేవి. మోకాలి తిత్తిలో పట్టిన చీము రక్తంలోకి పాకి మనిషి చనిపోతే ఒళ్లు కాలిపోతూ చనిపోతాడు. రెడ్డి చేతిలో అది జ్వరమే అవుతుంది. వైద్యం చదవని మనిషి పొరపాటుగా దీన్ని చూడకూడదు. ఉన్న గడుల్లో అతను సరైన గడినే ఎంచుకున్నాడు.

గడి లేకపోతే ఏమవుతుందో 1876–78 కరువు చూపించింది. రాయలసీమ దాన్ని ధాత కరువుగా గుర్తుపెట్టుకుంది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882లో బళ్లారి నుంచి విడదీశారు. ఆ బళ్లారి జిల్లా కరువు అతి తీవ్రంగా కొట్టిన చోట్లలో ఒకటి. కరువు పనుల శిబిరాల్లో కూలీకి వచ్చినవాళ్లకు రోజుకు ఒక పౌను గింజలు చాలునని, కరువు పర్యవేక్షణకు వచ్చిన ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ తగ్గించాడు. పారిశుధ్య కమిషనర్ డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్ దాన్ని గట్టిగా వ్యతిరేకించి, అంత తక్కువ తిండితో కష్టపడే ఒళ్లు నిలవదని శరీర శాస్త్రం ఆధారంగా వాదించాడు. మరణాల రిజిస్టరు శీర్షికల్లో ఆకలి లేదు. బక్కచిక్కినవాడు చివరికి విరేచనాలతోనో జ్వరంతోనో పోతాడు కాబట్టి ఆ పద్దుల్లోకే చేరాడు. ఊళ్లు ఖాళీ అయిపోయి, రాసేవాళ్లే చెదిరిపోయిన చోట అసలు నమోదే ఆగిపోయింది. కార్నిష్ లాంటి వైద్యాధికారులు రిజిస్టరు అంకెల్ని అలాగే నమ్మకుండా, జనాభాలో ఏర్పడిన లోటుతో పోల్చి చూడవలసి వచ్చింది. వర్గీకరణ అనేది గుమాస్తాల పని మాత్రమే అనుకునేవాళ్లు ఈ ఒక్క ఘట్టాన్ని తెలుసుకుంటే చాలు. చావుకు కారణం పేరు మారితే దాని బాధ్యత కూడా చేతులు మారుతుంది.

అదే శతాబ్దంలో ఐరోపా ఈ సమస్యతో వేరే దారిలో కుస్తీ పడుతోంది. ఇంగ్లండు రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో విలియం ఫార్, జెనీవాలో మార్క్ దెస్పీన్ మరణ కారణాలకు ఒకే జాబితా ఉండాలని పట్టుబట్టారు. 1853లో బ్రస్సెల్స్‌లో సమావేశమైన గణాంక నిపుణులు ఆ పని వాళ్లిద్దరికే అప్పగించారు. 1893లో షికాగోలో పారిస్ నగర గణాంకాధికారి జాక్ బెర్తియాన్ సమర్పించిన జాబితా దేశదేశాలకు పాకింది. 1900లో పారిస్ సమావేశం దాన్ని 179 శీర్షికలుగా ఖాయం చేసింది. అదీ చావుల జాబితానే. మనిషిని చంపని జబ్బుకు అందులో పెద్దగా పని లేదు.

చంపని జబ్బుకు కాగితం మీద పేరు రావడానికి పరిహారం దారి చూపింది. బ్రిటన్ బొగ్గు గనుల్లో సన్నటి పొరల దగ్గర కార్మికులు గంటల తరబడి మోకాళ్ల మీద ఉండి తవ్వేవారు. చర్మంలోకి బొగ్గు నలుసులు దిగి, మోకాలి ముందున్న తిత్తి చీము పట్టేది. గని కార్మికులు దాన్ని ‘బీట్ నీ’ అనేవారు. 1907లో ప్రభుత్వం దాన్ని పరిహారం ఇవ్వదగిన వృత్తి జబ్బుల పట్టికలో చేర్చింది. మోచేతికి, అరచేతికి వచ్చే అదే రకం జబ్బులు కూడా చేరాయి. వైద్యుడి ధ్రువపత్రంతో డబ్బు ముడిపడింది కాబట్టి యజమాని, కార్మిక సంఘం, కోర్టు అందరూ ఆ మోకాలిని పట్టించుకున్నారు. కుందుర్పి చేలో కలుపు తీసే మనిషికి యజమాని ఒక రోజు ఒకరు, మరో రోజు మరొకరు. కరువు ఏడాది ఎవరూ లేరు. ధ్రువపత్రం అడిగేవారూ లేరు, రాసేవారూ లేరు.

బెర్తియాన్ జాబితా ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చాక 1948లో వెలువడిన ఆరో సవరణ అసలైన మలుపు. మరణాలతోపాటు జబ్బులకూ గాయాలకూ మొదటిసారి అందులో పూర్తి స్థానం దొరికింది. ఎముకలు, కండరాలు, కీళ్ల జబ్బులకు ఒక అధ్యాయం ఏర్పడి సవరణ సవరణకూ పెరిగింది. 1990 మేలో ఆమోదం పొందిన పదో సవరణలో అది ‘ఎం’ అక్షరం కింద ఉన్న అధ్యాయం. పనిలో ఒత్తిడి వల్ల వాచే తిత్తులు ఎం70లో ఉంటాయి; అందులో మోకాలి చిప్ప ముందుది ఎం70.4, మోచేతిది ఎం70.2. క్రిమి వల్ల వచ్చేవి ఎం71లోకి వెళతాయి. గనేరియా వల్ల వచ్చేదానికి ఎం73.0, సిఫిలిస్ వల్ల వచ్చేదానికి ఎం73.1, ఇవి రెండూ మూల జబ్బు కోడ్‌తో జంటగానే వాడాలి. అంటే వాచిన చోటు ఒక్కటే అయినా, ఒత్తిడా, క్రిమా, ఏ క్రిమి అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే తప్ప సరైన కోడ్ రాదు. ఆ జవాబు కోసం తిత్తిలోని ద్రవాన్ని సూదితో తీసి ప్రయోగశాలకు పంపాలి. గొర్రెలు, మేకల మధ్య బతికేవారిలో అరుదుగా బ్రూసెల్లా క్రిమి కూడా కీళ్లను, తిత్తులను పట్టుకుంటుంది. దాని కోడ్ ఎ23తో మొదలవుతుంది. పశుపోషణ ఇంతగా ఉన్న సీమలో ఆ పరీక్ష చేయకుండా రాసిన కోడ్ సగం మాటే చెబుతుంది.

1946 నాటి భోర్ ఆరోగ్య కమిటీ సూచించిన బాటలో, స్వతంత్ర భారతంలో 1952 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. 1960ల దశకంలో ఆరోగ్య కేంద్రం ఉన్న ఊళ్లలో మరణ కారణాల సర్వే మొదలైంది. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వెళ్లి చనిపోయినవారికి ఏమేమి లక్షణాలు ఉన్నాయో అడిగి, వాటిని బట్టి కారణాన్ని నిర్ణయించే పద్ధతి అది. 1999లో దాన్ని నమూనా నమోదు వ్యవస్థలో కలిపేశారు. 1969 జనన మరణాల నమోదు చట్టం, వైద్యుడు మరణ కారణాన్ని అంతర్జాతీయ నమూనాలో ధ్రువీకరించే ఏర్పాటు చేసింది. ఆ పత్రంలో తక్షణ కారణం, దానికి దారితీసిన కారణం, అన్నిటికీ మూలమైన కారణం వరుసగా రాయాలి. మధుమేహం ఉన్నవారికి మోకాలి తిత్తి చీము పట్టి, అది రక్తంలో వ్యాపించి ప్రాణం తీస్తే ఆ వరుసంతా పత్రంలో కనిపించాలి. ‘గుండె ఆగిపోయింది’ అని ఒక్క మాట రాసి ముగిస్తే పాత రెడ్డి రాసిన ‘జ్వరం’ కంటే అది తక్కువ చెప్పినట్టే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. మరుసటి ఏడాది తాలూకాల స్థానంలో మండలాలు వచ్చి, కళ్యాణదుర్గం తాలూకాలోని కుందుర్పి సొంత మండలమైంది. నూరేళ్లకు పైగా ఊరి చావులు రాసిన చేతులు అలా మారాయి.

ఈ సీమలో మోకాలి, చీలమండ వాపులకు మరో పెద్ద కారణం ఉండేది: నారికురుపు. దిగుడుబావిలోకి దిగి నీళ్లు ముంచుకునే ఊళ్లలో, నీటిలోని చిన్న పురుగులతోపాటు నారిపురుగు పిల్లలు కడుపులోకి వెళ్లేవి. ఏడాది తర్వాత మూరకు పైగా పొడవు పెరిగిన ఆడపురుగు కాలి చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చేది. దాన్ని రోజుకు కొంచెం చొప్పున పుల్లకు చుట్టి తీయాలి. మధ్యలో తెగితే లోపల చీము పట్టి కీళ్లు బిగుసుకుపోయేవి. రాయలసీమ రైతు సరిగ్గా పంట పని మీదున్నప్పుడు మంచాన పడేవాడు. ఇది మనిషిని సాధారణంగా చంపదు కాబట్టి రెడ్డి రిజిస్టరులో దీనికి గడి లేదు. 1983–84లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రాల్లో ఇది ఉంది. అప్పుడే మొదటిసారి ఇంటింటికీ తిరిగి ఒక్కొక్క రోగినీ పేరుతో నమోదు చేశారు. దిగుడుబావులకు గోడలు కట్టి చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు, నీళ్లు గుడ్డతో వడగట్టడం నేర్పారు. దేశంలో చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో నమోదైంది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్మూలనను ధ్రువీకరించింది. వర్గీకరణలో దాని కోడ్ బి72. మందూ టీకా రెండూ లేని జబ్బు మాయమైందంటే అందులో సగం ఘనత ఆ నమోదుకే ఇవ్వాలి.

చేతిపంపులు, బోర్లు మరో కీళ్ల జబ్బును పైకి తెచ్చాయి. లోతు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా మొదట గుర్తించింది తెలుగు నేల మీదే: 1937లో వైద్య పరిశోధకుడు షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లాలో దాన్ని వివరించింది. అనంతపురం జిల్లాలోనూ చాలా ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదు మించి ఉంది. పళ్ల మీది మరకలకు కె00.3, ఎముకలకు పాకినదానికి ఎం85.1. బిగుసుకున్న ఈ మోకాలినీ, చీము పట్టిన ఆ మోకాలినీ ‘మోకాళ్ల నొప్పి’ అని ఒకే మాటలో రాస్తే నీటి సమస్య కూడా మాత్రల చీటీ కింద దాగిపోతుంది.

ప్రభుత్వం డబ్బుతో జబ్బును ముడివేసినది 2007 ఏప్రిల్ 1న. రాజీవ్ ఆరోగ్యశ్రీ తొలి దశకు ఎంచుకున్న మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మిగతావి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ఆసుపత్రికి ప్రభుత్వం డబ్బు చెల్లించాలంటే జబ్బుకు, చికిత్సకు ప్యాకేజీ కోడ్ ఉండాలి, ముందస్తు అనుమతి రావాలి. గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్, కాలిన గాయాల లాంటి పెద్ద చికిత్సలతో మొదలైన ఆ జాబితా కరువు సీమ కుటుంబాల్ని అప్పుల నుంచి కాపాడింది. ఆ మేలు చిన్నది కాదు. కానీ సూదితో చీము తీసి, పది పదిహేను రోజులు యాంటీబయాటిక్ ఇచ్చి పంపే జబ్బు ప్రధానంగా ఓపీ జబ్బు. 2004లో మొదలైన సమగ్ర వ్యాధుల నిఘా పథకం కూడా అంటువ్యాధుల కోసం ఉద్దేశించింది. ఆరోగ్య కార్యకర్త నింపే పత్రంలో జ్వరం, దగ్గు, విరేచనాలు, కామెర్లు ఉంటాయి. ఒంటరిగా వాచిన మోకాలు ఈ రెండిటి మధ్య జారిపోయింది.

ఈలోగా తెలుగు యువతకు ఇదే జబ్బుల కోడ్ మరో దేశం నుంచి ఉద్యోగమై వచ్చింది. అమెరికాలో 1983 నుంచి వృద్ధుల ప్రభుత్వ బీమా, రోగ నిర్ణయాన్ని బట్టి ఆసుపత్రులకు చెల్లించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి కోడ్ తప్పితే బిల్లు ఆగుతుంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఆ బిల్లుల పని చేసే సంస్థలు వెలిశాయి. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ శిక్షణ కేంద్రాలు పుట్టుకొచ్చాయి. బీఎస్సీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ చదివినవాళ్లు అమెరికా సంస్థ నిర్వహించే సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) పరీక్ష రాసి ఇందులోకి వెళుతున్నారు. 2015 అక్టోబర్ 1న అమెరికా పదో సవరణకు తాను తయారు చేసుకున్న సొంత రూపానికి మారింది. సుమారు 14 వేలున్న రోగ నిర్ణయ కోడ్‌లు 68 వేలు దాటాయి. కుడి ఎడమలు విడిపోయాయి: క్రిమి పట్టిన కుడి మోకాలి తిత్తి ఎం71.161, ఎడమది ఎం71.162; కుడి మోచేయి ఎం71.121, ఎడమది ఎం71.122. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగే స్టెఫిలోకాకస్ ఆరియస్‌కు బి95.61, లొంగనిదానికి బి95.62. ఇంత తేడా తెలిసిన తెలుగు యువతీ యువకులు వేల సంఖ్యలో ఉన్నారు, వారిలో రాయలసీమ ఊళ్ల నుంచి వెళ్లినవారూ ఉన్నారు. ఆ నైపుణ్యం సొంత జిల్లా ఆసుపత్రుల రికార్డు గదులకు చేరకపోవడం ఈ రంగంలో మిగిలిన పెద్ద లోటు. బోధనాసుపత్రుల్లో ఇన్‌పేషెంట్ల కేసు షీట్లకు, మరణ ధ్రువపత్రాలకు కోడ్ వేసే వ్యవస్థ ఉన్నా, మండల స్థాయి ఓపీకి అది దిగలేదు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ప్రకటించి 2016లో సవరించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు అంతర్జాతీయ వర్గీకరణను సిఫారసు చేశాయి. 2019లో ఆమోదం పొందిన పదకొండో సవరణ 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో బర్సైటిస్ అంతా ఎఫ్‌బి50 కిందికి వచ్చింది, క్రిమి వల్ల వచ్చేది ఎఫ్‌బి50.1. ఏ వైపు, ఏ కీలు, ఏ క్రిమి అన్నవి మూల కోడ్‌కు తగిలించే అదనపు కోడ్‌లుగా మారాయి. అంటే మండల ఆరోగ్య కేంద్రం తనకు తెలిసినంత వరకు రాసి, ప్రయోగశాల ఫలితం వచ్చాక పెద్దాసుపత్రి మిగతాది చేర్చే వీలుంది. ఆయుర్వేద, సిద్ధ, యునాని పరిభాషకు 2024 జనవరిలో అదే వర్గీకరణలో ప్రత్యేక విభాగం ఏర్పడింది. దేశంలో మరణ కారణాల నమోదు ఇప్పటికీ ప్రధానంగా పదో సవరణ మీదే సాగుతోంది, మార్పు దశలవారీగా జరగవలసి ఉంది.